బరువు మోయగల రైలుకు చిన్న బ్యాటరీ ఎందుకు పెడతారు?

సందేహి (ప్రశ్న)

విద్యుత్ కార్ల గురించి కొంతకాలంగా చదువుతున్నాను కనుక సెల్, ప్యాక్, చార్జింగ్ రేటు వంటి విషయాలతో నాకు పరిచయం ఉంది. బ్యాటరీ రైళ్ళ వివరాలు చూసినప్పుడు మాత్రం లెక్క ఎక్కడా పొసగలేదు. రెండు టన్నులు కూడా తూగని కారు ఒకసారి చార్జ్ చేస్తే 400 కిలోమీటర్లు పోతుంది. వంద టన్నులు తూగే రైలుకు పెట్టె అడుగున, పైకప్పు మీద కావలసినంత చోటు ఉన్నా, తయారీదారులు చెప్పే దూరం చాలాసార్లు 80 నుంచి 120 కిలోమీటర్లే. ఉక్కు చక్రం ఉక్కు పట్టా మీద దొర్లేటప్పుడు కలిగే నిరోధం రబ్బరు టైరు నిరోధంలో ఐదారో వంతుకు మించదని చదివాను. ఆ లెక్కన రైలే కారు కన్నా ఎక్కువ దూరం పోవాలి కదా?

రెండో సందేహం దీనికన్నా చిక్కుగా ఉంది. కొన్ని బ్యాటరీ రైళ్ళలో లిథియం టైటనేట్ సెల్స్ వాడుతున్నారు. అవి కిలోకు 60 నుంచి 90 వాట్ అవర్ల శక్తిని మాత్రమే నిల్వ చేస్తాయి, పైగా ఖరీదు ఎక్కువ. కార్లలో వాడే నికెల్ ఎక్కువగా ఉన్న సెల్స్ కిలోకు 250 వాట్ అవర్ల వరకు ఇస్తున్నప్పుడు, అందులో మూడో వంతు శక్తి మాత్రమే పట్టే సెల్‌ను ఎక్కువ డబ్బు పోసి కొనడంలో ఉద్దేశం ఏమిటి? రైల్వే రంగం కొత్తదాన్ని త్వరగా ఒప్పుకోదన్న మాట ఉండనే ఉంది. ఇదీ అలాంటిదేనా, లేక దీని వెనుక ఇంజనీరింగ్ కారణం ఉందా? వీలైతే అంకెలతో వివరించమని కోరుతున్నాను.


పట్టాలబాట

రైలు పెట్టెల్లోని విద్యుత్ పరికరాల నిర్వహణ నా వృత్తి కాబట్టి ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. మీరు ఇచ్చిన అంకెలన్నీ సరైనవే. అయితే 80 లేదా 120 కిలోమీటర్లు అన్నది రైలు అంతకు మించి పోలేక ఆగిన హద్దు కాదు, ఆ మార్గానికి అది చాలునని ఎంచుకున్న పరిమాణం. లెక్క చూస్తే ఇది తేటపడుతుంది. ఇకమీదట యూనిట్ అని నేను రాసిన ప్రతిచోటా ఒక కిలోవాట్ అవర్ అని గ్రహించగలరు.

1.8 టన్నుల కారులో 60 యూనిట్ల ప్యాక్ ఉందనుకుందాం. దాని బరువు సుమారు 400 కిలోలు, అంటే కారు బరువులో 22 శాతం. కిలోమీటరుకు 0.15 యూనిట్ ఖర్చయితే 400 కిలోమీటర్లు వస్తుంది. ఇప్పుడు వంద టన్నుల రెండు పెట్టెల రైలును తీసుకోండి. నాలుగైదు కిలోమీటర్లకు ఒక స్టేషన్‌లో ఆగుతూ, ఎయిర్ కండిషనింగ్ కూడా నడుపుకుంటూ పోయే అలాంటి రైలుకు కిలోమీటరుకు 4 యూనిట్ల దరిదాపుల్లో ఖర్చవుతుంది. టన్ను లెక్కన చూస్తే ఇది కారు ఖర్చులో సగం. కారులో లాగానే రైలు బరువులో 22 శాతం బ్యాటరీకి కేటాయిస్తే, ప్యాక్ మొత్తానికి కిలోకు 150 వాట్ అవర్ల చొప్పున 22 టన్నులకు 3,300 యూనిట్లు వస్తాయి. అదనపు బరువు వల్ల పెరిగే ఖర్చును తీసేసినా 600 కిలోమీటర్లకు తగ్గదు. కాబట్టి రైలే ఎక్కువ దూరం పోవాలన్న మీ ఊహ భౌతికశాస్త్రం ప్రకారం నిజమే.

మరి ఎందుకు అలా చేయరంటే, బ్యాటరీ రైలు పుట్టిందే పైన విద్యుత్ తీగలున్న ప్రధాన మార్గం నుంచి తీగలు లేని చిన్న శాఖలోకి వెళ్ళి తిరిగి రావడానికి. జపాన్‌లో జేఆర్ ఈస్ట్ సంస్థ 2014లో కరసుయామా మార్గంలో ప్రవేశపెట్టిన రైలునే చూడండి. అక్కడ తీగలు లేని భాగం 20.4 కిలోమీటర్లు, రెండు పెట్టెల రైలులో ఉన్న బ్యాటరీ 190 యూనిట్లు. చివరి స్టేషన్‌లో ప్లాట్‌ఫాం పక్కన మాత్రం గట్టి లోహపు కడ్డీ లాంటి విద్యుత్ వాహకాన్ని పైన అమర్చారు. రైలు అక్కడికి చేరగానే పాంటోగ్రాఫ్‌ను, అంటే పైనున్న వాహకాన్ని తాకి కరెంటు తీసుకునే పైకప్పు మీది చేతిని, ఎత్తి చార్జ్ చేసుకుని తిరిగి బయలుదేరుతుంది. ఆ మార్గానికి 600 కిలోమీటర్ల బ్యాటరీ పెట్టడం వల్ల జీవితాంతం పనికిరాని బరువును మోయడం తప్ప ప్రయోజనం ఉండదు. దూరం కావాలంటే వస్తుందని స్టాడ్లర్ సంస్థ 2021లో నిరూపించింది. వారి ఫ్లర్ట్ అక్కు రైలు ఒక్క చార్జ్‌తో 224 కిలోమీటర్లు నడిచి గిన్నిస్ రికార్డు నమోదు చేసింది. రోజువారీ సేవకు మాత్రం అంత దూరాన్ని ఆశించి ఎవరూ కాలపట్టిక తయారు చేయరు. చలి, ఎదురుగాలి, పాతబడిన సెల్స్, దారిలో అనుకోకుండా ఆగడం, ఇవన్నీ కలిసి వచ్చిన రోజున కూడా రైలు చేరవలసిందే.

ఇరుసు భారం సంగతి కూడా ఉంది. శాఖా మార్గాలలో పట్టాలు, వంతెనలు తేలిక రైళ్ళ కోసం వేసినవి. ఆరు ఇరుసుల మీద నిలిచిన వంద టన్నుల రైలుకు మరో 22 టన్నులు చేర్చితే ఒక్కో ఇరుసు మీద భారం 16.7 నుంచి 20.3 టన్నులకు పెరుగుతుంది. చాలా మార్గాలలో ఈ తేడా ఒక్కటే రైలును అనుమతించకపోవడానికి చాలిన కారణం.

అసలు విషయం మాత్రం బరువు కాదు, పని తీరు. కారు యజమాని ఏటా 15,000 కిలోమీటర్లు నడిపితే, 400 కిలోమీటర్ల ప్యాక్‌కు అది ఏడాదికి 38 పూర్తి చార్జ్‌లతో సమానం. పదిహేనేళ్ళకు 570 దాటదు. శాఖా మార్గంలో తిరిగే రైలు రోజుకు ఎనిమిది సార్లు 500 యూనిట్ల బ్యాటరీలో 30 శాతం ఖాళీ చేసి, మళ్ళీ నింపుకుంటుందనుకోండి. అది రోజుకు 2.4 పూర్తి చార్జ్‌లు, ఏడాదికి 350 రోజులు నడిస్తే 840, పదిహేనేళ్ళకు 12,600. కారుతో పోలిస్తే ఇరవై రెట్లకు పైబడిన పని ఇది. కారు ప్యాక్‌లో ఉండే సెల్స్‌ను తెచ్చి ఇక్కడ అమరిస్తే రెండు మూడేళ్ళలోనే మార్చవలసి వస్తుంది. ముప్పై ఏళ్ళు నడవవలసిన రైలుకు అన్నిసార్లు బ్యాటరీ మార్చడం ఏ సంస్థా భరించలేదు.

బ్రేకు వేసినప్పుడు తిరిగి వచ్చే శక్తిని కూడా ఇందులో కలపాలి. వంద టన్నుల రైలు గంటకు 100 కిలోమీటర్ల వేగంలో ఉన్నప్పుడు దానిలోని గతిశక్తి 10.7 యూనిట్లు. ఒక నిమిషంలో ఆగితే సగటున 640 కిలోవాట్లు, బ్రేకు మొదలైన క్షణంలో అందుకు రెట్టింపు శక్తి బ్యాటరీలోకి దూసుకు వస్తుంది. దాన్ని పుచ్చుకోలేని బ్యాటరీ అయితే ఆ శక్తి అంతా వేడిగా మారి వృథా అవుతుంది. ప్రతి స్టేషన్‌లోనూ ఇదే జరుగుతుంది కనుక, ఎంత నిల్వ చేయగలదన్న దానితో సమానంగా ఎంత వేగంగా పుచ్చుకోగలదన్నది కూడా చూసి సెల్‌ను ఎంచుకుంటారు. అక్కడే లిథియం టైటనేట్ ముందుకు వస్తుంది. ఆ రసాయన వివరం నాకన్నా ఇక్కడ ఇంకొకరు బాగా చెప్పగలరు.


గ్రాఫైట్

పట్టాలబాట గారి లెక్కకు రసాయన పక్షం చేరుస్తాను. సాధారణ లిథియం అయాన్ సెల్‌లో ఋణ ఎలక్ట్రోడ్ గ్రాఫైట్. సెల్ చార్జ్ అయ్యేటప్పుడు లిథియం అయాన్లు గ్రాఫైట్ పొరల మధ్యకు చేరతాయి. నిండిన గ్రాఫైట్ పొటెన్షియల్ లిథియం లోహం కన్నా 0.1 వోల్టు మాత్రమే ఎక్కువ. ఈ స్వల్పమైన ఎడం వల్లనే సెల్‌కు ఎక్కువ వోల్టేజ్, ఎక్కువ శక్తి వస్తాయి. ఇబ్బంది కూడా ఇక్కడి నుంచే మొదలవుతుంది. చార్జింగ్ మరీ వేగంగా జరిగినా, ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల కిందికి పోయినా అయాన్లు పొరల్లోకి దూరే వేగం చాలదు. ఒకే తలుపున్న హాలులోకి జనం ఒక్కసారిగా తోసుకు వచ్చినప్పుడు లోపల కుర్చీలు ఖాళీగా ఉన్నా గుమ్మం దగ్గరే నిలిచిపోయినట్లు, అయాన్లు గ్రాఫైట్ ఉపరితలం మీదనే లోహంగా పేరుకుంటాయి. అలా పేరుకున్న లిథియంలో కొంత మళ్ళీ పనికి రాదు, సెల్ సామర్థ్యం తగ్గుతుంది. అది సూదుల్లా పెరిగితే ఎలక్ట్రోడ్ల మధ్య ఉన్న పొరను చీల్చి షార్ట్ సర్క్యూట్‌కు కూడా దారి తీయవచ్చు.

టైటనేట్ సెల్‌లో గ్రాఫైట్ స్థానంలో ఋణ ఎలక్ట్రోడ్‌గా ఉండేది లిథియం టైటనేట్. దాని పొటెన్షియల్ లిథియం లోహం కన్నా 1.55 వోల్టులు ఎక్కువ. అంత ఎడం ఉన్నందువల్ల మామూలు వాడకంలో లోహం పేరుకునే ప్రశ్నే రాదు, చలిలో కూడా ధైర్యంగా చార్జ్ చేయవచ్చు. ఇంకో గుణం, నా దృష్టిలో ఇదే ముఖ్యమైనది, దాని స్ఫటిక నిర్మాణం. లిథియంతో నిండినప్పుడు గ్రాఫైట్ సుమారు పది శాతం ఉబ్బుతుంది, ఖాళీ అయినప్పుడు కుంచించుకుపోతుంది. వేల సార్లు ఇలా జరిగితే ఉపరితలం మీద ఏర్పడే రక్షణ పొర పగులుతూ, మళ్ళీ ఏర్పడుతూ, ప్రతిసారీ కొంత లిథియంను మింగేస్తుంది. టైటనేట్ ఘనపరిమాణంలో మార్పు ఒక శాతం కూడా ఉండదు. అందుకే అది పది వేల చార్జ్‌లను దాటి, మంచి నిర్వహణలో ఇరవై వేల దాకా నిలుస్తుంది. పైన లెక్క వేసిన 12,600 దీనికి అందుబాటులోని సంఖ్యే.

దీనికి చెల్లించే మూల్యం మీరు చెప్పిందే. సెల్ వోల్టేజ్ 3.6కు బదులు 2.3 చుట్టుపక్కల ఉంటుంది. గ్రాము గ్రాఫైట్ సిద్ధాంతపరంగా 372 మిల్లీ ఆంపియర్ అవర్లు పట్టుకుంటే, గ్రాము టైటనేట్ 175 మాత్రమే పట్టుకుంటుంది. వోల్టేజ్‌లో ఒక కోత, సామర్థ్యంలో ఒక కోత, రెండూ కలిసి శక్తి మూడో వంతుకు పడిపోతుంది. బరువును మోయలేని కారుకు ఈ కోత మరణశాసనం. బరువును పెద్దగా లెక్క చేయని రైలుకు అది సర్దుకోదగిన ఇబ్బంది. జర్మనీలోని బాడెన్ వుర్టెంబర్గ్‌లో 2024 నుంచి నడుస్తున్న సీమెన్స్ మిరియో ప్లస్ బీ రైళ్ళలో వాడినది ఈ రసాయనమే.

ధన ఎలక్ట్రోడ్ విషయానికి వస్తే కార్ల ప్రపంచంలోనే పోటీ గట్టిగా ఉంది. నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఎన్‌ఎంసీ రకం శక్తిలో ముందుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అనే ఎల్‌ఎఫ్‌పీ రకం అందులో దాదాపు మూడింట రెండు వంతుల శక్తినే ఇచ్చినా, చవక, దీర్ఘాయువు, కోబాల్ట్ అవసరం లేకపోవడం అనే గుణాలతో మార్కెట్‌లో పెద్ద భాగాన్ని గెలుచుకుంది. 1990లలో ఈ ఫాస్ఫేట్‌ను వెలుగులోకి తెచ్చినది జాన్ గుడెనఫ్ బృందం. 2019 రసాయన శాస్త్ర నోబెల్‌ను స్టాన్లీ విట్టింగ్‌హామ్, అకీరా యోషినోలతో కలిసి అందుకున్నది ఆయనే. భద్రత పరంగా రెండింటికీ తేడా ఉంది. ఎన్‌ఎంసీ మితిమీరి వేడెక్కితే దాని నిర్మాణం విచ్ఛిన్నమై ఆక్సిజన్‌ను విడుదల చేస్తుంది, మంటకు కావలసినది లోపలి నుంచే అందుతుంది. ఫాస్ఫేట్‌లో ఆక్సిజన్ భాస్వరంతో గట్టిగా బంధించబడి ఉండటం వల్ల అంత సులభంగా వెలువడదు. అలాగని ఎల్‌ఎఫ్‌పీకి మంట అంటదని ప్రకటనల్లో చెప్పే మాటను నమ్మకండి. దాని ద్రవ ఎలక్ట్రోలైట్ కూడా మండేదే, వేడెక్కినప్పుడు హైడ్రోజన్ కలిసిన వాయువులు వెలువడతాయి. ప్రయాణికులతో సొరంగం మధ్యలో ఆగగల వాహనం విషయంలో ఆ జాగ్రత్త కారు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉండాలి.


సందేహి

ఇద్దరికీ కృతజ్ఞతలు. పట్టాలబాట గారూ, మీ లెక్కలోంచే మరో ప్రశ్న పుట్టింది. అదే రైలుకు 500 యూనిట్ల టైటనేట్‌కు బదులు 3,000 యూనిట్ల ఎల్‌ఎఫ్‌పీ పెడితే, రోజుకు వాడే 1,200 యూనిట్లు అందులో 0.4 పూర్తి చార్జ్ మాత్రమే అవుతుంది. ఏడాదికి 140, పదిహేనేళ్ళకు 2,100. ఎల్‌ఎఫ్‌పీ అన్ని చార్జ్‌లను తట్టుకుంటుంది కదా. పైగా బ్యాటరీ పెద్దది కావడంతో బ్రేకు శక్తి కూడా దానికి చిన్న మోతాదుగానే కనిపిస్తుంది. పెద్ద చవక బ్యాటరీతో రెండు సమస్యలూ తీరుతున్నప్పుడు చిన్న ఖరీదైన బ్యాటరీ ఎందుకు?


పట్టాలబాట

సరైన చోట పట్టుకున్నారు. అది పనికిరాని ఆలోచన కాదు. మార్గం పొడవుగా ఉండి, మధ్యలో చార్జ్ చేసే వసతి లేనప్పుడు పెద్ద ప్యాక్ వైపు మొగ్గవలసిందే. చిన్న శాఖకు మాత్రం అది కలిసిరాదు. ఇరుసు భారం అడ్డంకి ఎలాగూ ఉంది. దానికన్నా బలమైన కారణం సెల్ వయస్సు. బ్యాటరీ రెండు విధాలుగా ముసలిదవుతుంది, వాడినందువల్ల ఒకటి, ఊరికే కాలం గడిచినందువల్ల మరొకటి. రెండో దానిని చార్జ్‌ల సంఖ్య తగ్గించి ఆపలేము. ఉష్ణోగ్రత ఎక్కువగా ఉన్నా, ఎప్పుడూ నిండుగా ఉంచినా ఆ వార్ధక్యం ఇంకా వేగంగా వస్తుంది. 3,000 యూనిట్ల ప్యాక్‌లో ఉన్న చార్జ్‌ల సంపదను సగం కూడా ఖర్చు చేయక ముందే కాలం దాన్ని తినేస్తుంది. ఆరు రెట్ల సామర్థ్యం కొని, దాని ఆయుష్షులో ఎక్కువ భాగాన్ని వాడకుండానే పారవేయడం అవుతుంది. చిన్న బ్యాటరీని గట్టిగా పని చేయించి, కాలంతో వచ్చే వార్ధక్యమూ వాడకంతో వచ్చే వార్ధక్యమూ దాదాపు ఒకేసారి ముగిసేలా చూడటమే మంచి డిజైన్ అని నా అభిప్రాయం.

చార్జింగ్ పరిమితి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే రైల్వేకు బయట ఉన్నవారికి ఇది సాధారణంగా తట్టదు. నిలబడి ఉన్న రైలు పైన తీగ నుంచి ఎంత కరెంటునైనా లాగుకోలేదు. పాంటోగ్రాఫ్ మీది కార్బన్ పట్టీ తీగను తాకే చోటు చాలా చిన్నది, రైలు కదలదు కనుక ఆ ఒక్క చోటే వేడెక్కి తీగ మెత్తబడి తెగే ప్రమాదం ఉంటుంది. అందుకే ఐరోపా ప్రమాణాలు ఏసీ మార్గంలో నిలిచి ఉన్న రైలు ఒక పాంటోగ్రాఫ్ ద్వారా తీసుకునే కరెంటును 80 ఆంపియర్లకు పరిమితం చేశాయి. 15 కిలోవోల్టుల మార్గంలో అది 1.2 మెగావాట్లు. ఖర్చయిన 150 యూనిట్లను ఏడున్నర నిమిషాల్లో నింపవచ్చు. రైలు దిశ మార్చుకుని తిరిగి బయలుదేరే వ్యవధికి అది సరిపోతుంది. 1,500 వోల్టుల డీసీ మార్గంలో అదే ప్రమాణం 300 ఆంపియర్లకు మించనివ్వదు, అంటే 450 కిలోవాట్లే. పైన చెప్పిన కరసుయామాలో కూడా రైలు వాడేది 1,500 వోల్టుల డీసీయే. అక్కడ సన్నని తీగ కాకుండా గట్టి కడ్డీ వాహకాన్ని అమర్చడం వెనుక ఉన్న అవసరం దీనితో అర్థమవుతుంది. కదులుతున్న రైలుకు ఈ ఇబ్బంది లేదు, తాకే చోటు క్షణక్షణం మారుతుంది. కాబట్టి ప్రధాన మార్గంలో తీగ కింద పరిగెడుతూనే బ్యాటరీ నింపుకోవడం అన్నిటికన్నా మేలైన పద్ధతి.


తీగపక్షం

మీ చర్చలో ఒక పెద్ద ప్రశ్న పక్కకు తప్పుకుంది. అసలు రైలుకు బ్యాటరీ ఎందుకు? రోడ్డు వాహనం ఎటు పోతుందో ముందుగా తెలియదు కనుక అది తన శక్తిని తానే మోయాలి. రైలు ఎటు పోతుందో పట్టా వేసిన రోజే తెలుసు. ఆ దారి పొడవునా తీగ వేస్తే శక్తి నిల్వ చేయనక్కరలేదు, చార్జింగ్ కోసం ఆగనక్కరలేదు, పదిహేనేళ్ళకోసారి సెల్స్ మార్చనక్కరలేదు. బ్రేకు శక్తిని తీగలోకే తిరిగి పంపితే పక్క రైలు వాడుకుంటుంది. బ్యాటరీలోకి పోయి తిరిగి వచ్చే శక్తిలో పది శాతం దాకా దారిలోనే పోతుంది. తీగ ఖర్చు కిలోమీటర్లను బట్టి, బ్యాటరీ ఖర్చు రైళ్ళ సంఖ్యను బట్టి పెరుగుతుంది. అందువల్ల పది నిమిషాలకో రైలు నడిచే మార్గంలో బ్యాటరీ మాట ఎత్తడమే అనవసరం. తీగ వేసే ఖర్చును వాయిదా వేయడానికి బ్యాటరీ రైలును సాకుగా వాడుకుంటారేమోనన్నదే నా భయం.

అయితే రోజుకు పది రైళ్ళు తిరిగే శాఖకు తీగ వేయమని నేనూ అడగను. తీగ వేయడంలో ఖర్చంతా అన్ని కిలోమీటర్లకూ సమానంగా పరచుకుని ఉండదు. పాత సొరంగాలు, తక్కువ ఎత్తున్న వంతెనలు వచ్చిన చోట పైకప్పును పెంచడానికో పట్టాలను కిందికి దించడానికో అయ్యే ఖర్చు పక్కనున్న బయలు భాగం మొత్తం కన్నా ఎక్కువ కావచ్చు. అలాంటి ముక్కలను తీగ లేకుండా వదిలేసి, వాటిని దాటడానికి మాత్రం చిన్న బ్యాటరీ పెట్టుకోవడం తెలివైన పని. ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో ట్రామ్‌లు 2007లోనే నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీలతో రెండు చారిత్రక కూడళ్ళను తీగలు లేకుండా దాటాయి. 2020లో సేవలోకి వచ్చిన జపాన్ హైస్పీడ్ రైలు ఎన్ 700 ఎస్ షింకన్‌సెన్‌లో కూడా లిథియం అయాన్ బ్యాటరీ ఉంది. కరెంటు పోయినప్పుడు వంతెన మీదనో సొరంగంలోనో చిక్కుకోకుండా సురక్షితమైన చోటికి తనంతట తాను నెమ్మదిగా పోవడానికి ఆ ఏర్పాటు. బ్యాటరీకి రైల్వేలో తగిన స్థానం ఇదేనని నా నమ్మకం.

ఇక్కడ ఎవరైనా హైడ్రోజన్ ప్రస్తావన తెస్తారేమోనని ముందే ఒక మాట. విద్యుత్తుతో హైడ్రోజన్ తయారు చేసి, ఒత్తిడితో నింపి, ఫ్యూయల్ సెల్‌లో మళ్ళీ విద్యుత్తుగా మార్చేసరికి మొదటి శక్తిలో మూడో వంతు కూడా చక్రానికి చేరదు. ఆల్‌స్టమ్ హైడ్రోజన్ రైలు 2018లో జర్మనీలోని లోయర్ సాక్సనీలో ప్రయాణికుల సేవ మొదలుపెట్టింది. ఆ తరువాత కొత్త రైళ్ళ కొనుగోలుకు అదే రాష్ట్రపు రవాణా సంస్థ బ్యాటరీ వైపు మొగ్గింది.


గ్రాఫైట్

తీగపక్షం గారి వాదనలో అధిక భాగంతో ఏకీభవిస్తాను. ఒకటి చేర్చాలి. బ్యాటరీ రైలు లిథియంతో పుట్టిన ఆలోచన కాదు. ఐర్లండ్‌లో జేమ్స్ డ్రమ్ రూపొందించిన నికెల్ జింక్ బ్యాటరీ రైళ్ళు 1932 నుంచి 1949 వరకు డబ్లిన్, బ్రే మధ్య నడిచాయి. జర్మనీలో 1950లలో తయారీ మొదలైన ఈటీఏ 150 రకం రైలు కార్లు, కిలోకు 30 నుంచి 40 వాట్ అవర్లు మాత్రమే నిల్వ చేసే సీసపు బ్యాటరీలతో 1995 దాకా ప్రయాణికులను చేరవేశాయి. అంత బరువైన బ్యాటరీతో నాలుగు దశాబ్దాలు నెట్టుకురాగలిగింది రైలు కాబట్టే. ఏ కారుకూ అది సాధ్యపడదు.


సందేహి

సరుకు రైళ్ళ సంగతి ఏమిటి? తీగలు లేని వందల కిలోమీటర్ల దారిలో వేల టన్నులు లాగవలసిన చోట బ్యాటరీ ఆలోచన పూర్తిగా వదులుకోవలసిందేనా? అలాగే సోడియం అయాన్ సెల్స్ బరువైనవే అయినా రైలుకు బరువు అంత అడ్డు కాదంటున్నారు కనుక, అవి రైళ్ళకు పనికి వస్తాయా?


పట్టాలబాట

సరుకు రైలు లెక్క చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. చదునైన దారిలో టన్నుకు కిలోమీటరుకు 10 వాట్ అవర్లు అనుకుంటే, 4,000 టన్నుల రైలు 500 కిలోమీటర్లు పోవడానికి 20,000 యూనిట్లు కావాలి. కిలోకు 150 వాట్ అవర్ల చొప్పున బ్యాటరీ బరువు 133 టన్నులు. అదే పనికి ఇంజన్ నష్టాలు పోగా ఐదు టన్నుల లోపు డీజిల్ చాలు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి బ్యాటరీ అసాధ్యమని తేల్చేవారు ఎందరో ఉన్నారు. కానీ 4,000 టన్నుల రైలులో 133 టన్నులు మూడు శాతం చిల్లర. రెండు ప్రత్యేక వ్యాగన్లు తగిలిస్తే సరిపోతుంది. అడ్డు పడేది బరువు కాదు. ఒక గంటలో ఆ బ్యాటరీని నింపాలంటే 20 మెగావాట్లు కావాలి, అది ఒక చిన్న పట్టణానికి చాలిన విద్యుత్తు. రోజుకు ఇరవై రైళ్ళు అలా నింపుకోవాలంటే దారి వెంట ఆ స్థాయి సబ్‌స్టేషన్లు వరుసగా కట్టాలి. అంత విద్యుత్తు అక్కడికి తెచ్చాక తీగ వేయకుండా ఎందుకు ఆగాలన్న తీగపక్షం గారి ప్రశ్న మళ్ళీ ఎదురవుతుంది.

అందుకే ఇప్పటికి మధ్యేమార్గమే ఆచరణలో ఉంది. అమెరికాలో వాబ్‌టెక్ సంస్థ 2,400 యూనిట్ల బ్యాటరీ లోకోను డీజిల్ లోకోలతో జతచేసి, 2021లో బీఎన్‌ఎస్‌ఎఫ్ అనే సరుకు రైల్వే సంస్థతో కలిసి కాలిఫోర్నియాలో పరీక్షించింది. దిగుడులో బ్రేకు శక్తిని నిల్వ చేసుకుని ఎక్కుడులో తిరిగి ఇవ్వడం ద్వారా ఆ రైలు మొత్తం మీద సగటున 11 శాతం ఇంధనం ఆదా అయింది. గని కొండ మీద, రేవు కింద ఉన్న మార్గాలలో లాభం దీనికన్నా చాలా ఎక్కువ. వెయ్యి టన్నులు వంద మీటర్లు దిగితే 272 యూనిట్ల శక్తి విడుదలవుతుంది. నిండుగా దిగి ఖాళీగా ఎక్కే ఖనిజపు రైలుకు, దిగుడు చాలినంత ఉంటే, తిరుగు ప్రయాణానికి కావలసిన శక్తి చాలా వరకు ఆ దిగుడులోనే దొరుకుతుంది. డీజిల్ రైలు ఆ శక్తినంతా రెసిస్టర్లలోనూ బ్రేకు దిమ్మల్లోనూ వేడిగా పారబోస్తోంది.


గ్రాఫైట్

సోడియం గురించి క్లుప్తంగా రాస్తాను. చైనా బ్యాటరీ సంస్థ సీఏటీఎల్ 2021లో కిలోకు 160 వాట్ అవర్ల సోడియం అయాన్ సెల్‌ను ప్రకటించింది, అది ఎల్‌ఎఫ్‌పీకి దాదాపు దగ్గరి అంకె. సోడియం అల్యూమినియంతో మిశ్రమం కాదు కనుక ఋణ ఎలక్ట్రోడ్‌కు కూడా రాగి రేకుకు బదులు చవకైన అల్యూమినియం రేకు వాడవచ్చు. సెల్‌ను సున్నా వోల్టుల వరకు ఖాళీ చేసి రవాణా చేసినా పాడవదు. చలిలో లిథియం కన్నా మెరుగ్గా పని చేస్తుంది. ఈ గుణాలన్నీ రైలుకు నచ్చేవే. కానీ దాని ఋణ ఎలక్ట్రోడ్‌గా వాడే హార్డ్ కార్బన్‌లో (గ్రాఫైట్‌లా పొరలు క్రమంగా పేర్చి ఉండని కార్బన్) కూడా నిల్వలో పెద్ద భాగం సోడియం లోహపు పొటెన్షియల్‌కు చాలా దగ్గరలోనే జరుగుతుంది. అందువల్ల వేగంగా చార్జ్ చేసినప్పుడు గ్రాఫైట్‌లో చెప్పిన లోహం పేరుకునే సమస్య ఇక్కడ కూడా తప్పదు. టైటనేట్ చేసే పని, అంటే రోజుకు ఎనిమిది సార్లు పది నిమిషాల చార్జింగ్‌ను పదిహేనేళ్ళు తట్టుకోవడం, సోడియం నుంచి ఇప్పుడే ఆశించలేము. మీరు రెండో ప్రశ్నలో వేసిన పెద్ద చవక ప్యాక్ లెక్క ఉంది చూడండి, పొడవైన మార్గాలకు సోడియం సరిపోయేది అక్కడ. అయితే ఎల్‌ఎఫ్‌పీ ధర కూడా ఏటేటా పడిపోతూ ఉండటం వల్ల, సోడియంకు ఉన్న ధర ఆధిక్యం అనుకున్నంతగా నిలబడలేదు. లిథియం ధర మళ్ళీ పెరిగితే తప్ప రైలు తయారీదారులు దాని వైపు తొందరగా చూస్తారని నేను అనుకోను.